వాము వాసన దాణా: పొట్టేలు పిల్లకు ఎంత పడాలి?

చంద్రగిరి దగ్గర మా బావ షెడ్డులో మొన్న ఒక ప్యాకెట్ విప్పగానే వాము, లవంగం కలిసిన ఘాటు గుప్పుమంది. దాణాలో కలిపి తొట్టిలో పోస్తే పొట్టేలు పిల్లలు మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి జరిగాయి. మూడో రోజుకు గానీ సరిగా తినలేదు. ప్యాకెట్ మీద మొక్కల నూనెలు, త్వరగా బరువు అని పెద్ద అక్షరాలతో రాశారు. ఏ నూనె ఎంత శాతమో మాత్రం ఎక్కడా లేదు. ఈ సుగంధ తైలాల వెనక గట్టి శాస్త్రమే ఉంది. నా పేచీ అంతా మన దగ్గర వాటిని అమ్ముతున్న తీరుతోనే.

పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. బదులుగా ఏం వాడాలన్న వెతుకులాటలో వాములోని థైమాల్, లవంగంలోని యూజెనాల్, దాల్చినచెక్క, వెల్లుల్లి నూనెల మీద అందరి చూపూ పడింది. గొర్రె తిన్న మేత ముందు పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. ఈ నూనెలు అక్కడ కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. ప్రొటీన్‌ను అమ్మోనియాగా విరగ్గొట్టే బ్యాక్టీరియా తగ్గితే, ఆ ప్రొటీన్ మూత్రంలో పోకుండా పిల్ల ఒంటికి పడుతుంది.

ఇది మన రైతులు పట్టించుకోవాల్సిన సంగతి. మన దగ్గర దాణాలో ఎక్కువగా పడేది వేరుశనగ చెక్క. దాంట్లో ప్రొటీన్ దండిగా ఉన్నా చాలావరకు పెద్ద పొట్టలోనే విరిగిపోతుంది. కానీ చెక్కతో పాటు మనం చెనక్కాయ కట్టె, అంటే కాయలు తీశాక మిగిలిన ఎండు వేరుశనగ మొక్కలు కూడా వేస్తాం. ఆ పీచును అరిగించేదీ బ్యాక్టీరియానే. నూనె మోతాదు మించితే దానికీ దెబ్బే, పిల్ల మేత తినడమూ తగ్గుతుంది. మొక్కజొన్న, బార్లీ మీద పెరిగిన విదేశీ గొర్రెపిల్లల ఫలితాలు మన దొడ్డికి అలాగే వర్తిస్తాయని చెప్పలేం.

మోతాదు లెక్క చూడండి. ప్రయోగాల్లో కనిపించే మోతాదుల్లో ఒకటి కిలో ఎండు మేతకు (దాణాతో సహా, తేమ తీసేసిన బరువు) 200 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్ల రోజుకు 600 గ్రాముల ఎండు మేత తింటుందనుకుంటే, దానికి పడాల్సింది 120 మిల్లీగ్రాములు. అంటే నాలుగైదు చుక్కలు. 50 పిల్లలకు కలిపితే 6 గ్రాములు. వాములో నూనె సుమారు 2 నుంచి 4 శాతం ఉంటుంది కాబట్టి, 3 శాతం లెక్కన 200 గ్రాముల వాములో ఆ 6 గ్రాములూ వచ్చేస్తాయి. అసలు కష్టం కలపడంలో ఉంది. ఆరు గ్రాముల నూనెను 30 కిలోల మేతలో నేరుగా పోస్తే ఒక పిల్లకు ఘాటు ఎక్కువై, పక్క పిల్లకు వాసన కూడా తగలదు. ముందు రెండు కిలోల తవుడుకు బాగా పట్టించి, ఆ తవుడును దాణాలో తిరగేయాలి. పైగా ఇవి ఆవిరయ్యే నూనెలు. మే నెలలో రేకుల షెడ్డు కింద సంచి మూతి విప్పి పెడితే అందులో మిగిలేది తక్కువే. నూనెకు పూత వేసి గుళికలుగా అమ్మేది ఇందుకే.

ఇంత జాగ్రత్తగా పెట్టినా ఫలితం ఒకేలా రావడం లేదు. కొన్ని ప్రయోగాల్లో పిల్లలు వేగంగా పెరిగాయి, కొన్నింటిలో తేడానే లేదు. కొన్ని వారాలకు పొట్టలోని సూక్ష్మజీవులు నూనెకు అలవాటు పడిపోవడం ఒక కారణం. రోజుకు 10 గ్రాములు అదనంగా పెరిగిందనుకున్నా 100 రోజులకు వచ్చేది ఒక్క కిలో. ప్యాకెట్ల ఖర్చు ఆ కిలో ధర దాటితే రైతు మునిగినట్టే. పిల్ల కడుపు నిండా నీళ్లు తాగినా ఆ ఒక్క కిలో తేడా కాటాలో కనిపిస్తుంది. అందుకే పొద్దున్నే, మేతా నీళ్లూ పెట్టకముందే తూకం వేయాలి.

నట్టల మందు తాగించకుండా, పిల్లలు ఉన్నట్టుండి చనిపోయే చిటుక రోగానికి టీకా వేయించకుండా ఈ ప్యాకెట్ కొనడం డబ్బు పారేసుకోవడమే. బూజు పట్టిన చెక్కలోని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వాము వాసన కప్పేస్తుందేమో గానీ తీసేయదు.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. 2019 పశుగణన ప్రకారం 1.76 కోట్ల గొర్రెలతో ఆంధ్రప్రదేశ్ దేశంలో తెలంగాణ తర్వాతి స్థానంలో ఉంది. ఆ కళాశాల నెల్లూరు జోడిపి రకం పొట్టేళ్ల మీద, మన చెక్కతో, మన కట్టెతో వేసవిలోనే ఈ నూనెలను పరీక్షించి, మోతాదూ ఖర్చూ తూకమూ ఒక్క పేజీలో తెలుగులో రైతు చేతికి ఇవ్వాలి. దాణా అమ్మేవాళ్లు కూడా సంచి మీద నూనె పేరు, శాతం రాసి తీరాలి.

మా బావ ఆ ప్యాకెట్ పక్కన పెట్టేశాడు. ఒకే ఈడు పిల్లల్ని పదేసి చొప్పున రెండు దొడ్లుగా విడగొట్టి, ఒకవైపు మాత్రం వాము పొడి పట్టించిన తవుడు పెడుతున్నాడు. తూకాలు గోడ మీద సుద్దతో రాస్తున్నాడు. మొదటి 15 రోజుల్లో రెండు వైపులా పెద్ద తేడా లేదు. బక్రీద్ బేరం దాకా రాస్తానంటున్నాడు.