చెప్పులు ఎక్కడ విడిచాడు?

1969 ఆగస్టు 8న లండన్‌లో నలుగురు మనుషులు రోడ్డు దాటారు. మామూలు కళ్లకు కనిపించేది ఇంతే. మామూలు కళ్లకు ఏ కుట్రా కనిపించదు, అది వేరే సంగతి.

ఆ నలుగురూ ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్. వాళ్ల ‘అబ్బీ రోడ్’ ఆల్బమ్ అట్ట మీది బొమ్మ అది. ఫొటోలు తీసిన ఇయాన్ మెక్‌మిలన్ నడిరోడ్డు మీద నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఓ పోలీసు బండ్లు ఆపాడు. పది నిమిషాల్లో ఆరు ఫొటోలు తీస్తే అయిదోది నచ్చింది. ఆ పది నిమిషాల పనికి యాభై ఏళ్లు దాటినా భాష్యాలు ఆగలేదు.

కుట్ర వెతికే పండితుల మాట ఇదీ: నలుగురిలో ఒకడైన పాల్ మెకార్ట్‌నీ 1966లోనే కారు ప్రమాదంలో పోయాడు. అచ్చం అలాంటివాణ్ణే తెచ్చి నిలబెట్టారు. మనసొప్పక అట్టల మీద ఆనవాళ్లు వదిలారు. తెల్ల సూటులో ముందు నడుస్తున్న జాన్ లెనన్ మతగురువు. నల్ల సూటు రింగో స్టార్ శవపేటిక తాలూకు మనిషి. చివర్లో జీన్స్ బట్టల జార్జ్ హారిసన్ గొయ్యి తవ్వేవాడు. చెప్పుల్లేని పాల్ సాక్షాత్తూ శవం.

నాదొక్కటే సందేహం. పోయినవాణ్ణి నలుగురు మోయాలి. ఇక్కడ ఉన్నదే నలుగురు, అందులో ఒకడు శవం. తక్కిన ముగ్గురూ భుజం పట్టకపోగా శవాన్నే నడిపించుకుపోతున్నారు! ఎడమచేతివాటం పాల్ కుడిచేత్తో సిగరెట్ పట్టుకోవడం ఇంకో ఆధారమట. 2003లో అమెరికాలో కొన్ని పోస్టర్ కంపెనీలు ఆ సిగరెట్‌ను చెరిపేశాయి. చచ్చినవాడి ఊపిరితిత్తుల మీద అంత శ్రద్ధ!

ఇక కాళ్ల దగ్గరికి వద్దాం. ముగ్గురిదీ ఎడమకాలు ముందుంటే పాల్‌ది కుడికాలు. ఎండగా ఉంటే చెప్పులు విప్పానని ఆయనే చెప్పుకున్నాడు. ఇంత తేలిక జవాబు ఏ పరిశోధకుడికైనా అవమానం కాదూ? పైగా మొదటి రెండు ఫొటోల్లో చెప్పులు శుభ్రంగా కాళ్లకే ఉన్నాయి. చెప్పుల్లేకపోవడం చావుకు గుర్తయితే, 1966లో పోయినవాడు 1969లో, రెండో ఫొటోకీ మూడో ఫొటోకీ మధ్య, మళ్లీ పోయాడని ఒప్పుకోవాలి.

అసలు సాక్షి ఎడమపక్కన ఆగి ఉన్న తెల్ల ఫోక్స్‌వ్యాగన్ కారు. దాని నంబరు ఎల్‌ఎండబ్ల్యూ 281ఎఫ్. ఒకటిని ‘ఐ’గా చదువుకుంటే ‘28 ఇఫ్’. అంటే, బతికుంటే ఇరవై ఎనిమిది. కానీ పాల్ పుట్టింది 1942 జూన్‌లో. ఆ ఆగస్టుకు ఇరవై ఏడే. ఇంగ్లిషువాళ్లు ఇక్కడే తడబడ్డారు. మా అమ్మమ్మని అడిగితే సరిపోయేది: ఇరవై ఏడు నిండాయి, ఇరవై ఎనిమిది నడుస్తోంది. చిక్కు వీడిపోయింది.

వీడిపోయిందనే అనుకున్నాను. 1993లో అదే దారి మీద పాల్ మళ్లీ అట్ట వేయించుకున్నాడు, ఈసారి బూట్లతో, కుక్కతో. ఆల్బమ్ పేరు ‘పాల్ ఈజ్ లైవ్’. కారు మీద నంబరు ‘51 ఈజ్’. అమ్మమ్మ లెక్కన యాభై రెండు నడుస్తుండాలి. మధ్యలో ఒక ఏడాది తగ్గింది. ఆ ఏడాది పాల్ ఎక్కడున్నాడు?