మౌగ్లీని బేషరతుగా విడుదల చేయాలి

తాగునీరు, ఉద్యోగాలు, రోడ్లు లాంటి చిల్లర సమస్యల మీద పోరాడేవాళ్లు దేశంలో ఇప్పటికే చాలామంది ఉన్నారు. అందుకని మేము పదకొండుమందిమి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకు నీడన చేరి, ఇంతవరకూ ఏ పార్టీ మేనిఫెస్టోకీ ఎక్కని ఒక సమస్యను భుజాన వేసుకున్నాం. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చిన, తోడేళ్లు పెంచిన మౌగ్లీ అనే పిల్లాడి కథ ‘జంగిల్ బుక్’ కార్టూన్ అదే హిందీతో, అదే పాటతో డీవీడీలుగా మా చేతికి రావాలి. దీన్ని హోమ్ రిలీజ్ అంటారట. మొత్తం 52 భాగాలు. ఒక్కటి తగ్గినా ఒప్పుకునేది లేదు.

సంఘానికింకా పేరు లేదు. మొదటి చీలిక పేరు దగ్గరే వచ్చింది. ‘మౌగ్లీ’ అని రాయాలా, ‘మోగ్లీ’ అని రాయాలా అన్నదాని మీద మాటామాటా పెరిగి, ఇద్దరు సగం కొరికిన మిర్చిబజ్జీలు ప్లేట్లోనే వదిలేసి లిఫ్టు ఎక్కేశారు. మిగిలిన తొమ్మిదిమందిలో ఒకావిడ, ఇంతకీ డీవీడీ ప్లేయరు ఎవరింట్లో ఉంది అని అడిగింది. ఎవరింట్లోనూ లేదు. ఇప్పటి లాప్‌టాప్‌లకు సీడీ పెట్టే అరే ఉండటం లేదు. ఉద్యమాన్ని నీరుగార్చే ప్రశ్న కాబట్టి దాన్ని మినిట్స్ పుస్తకంలో రాయలేదు.

అసలు చిక్కు వినతిపత్రం ఎవరికివ్వాలన్న దగ్గర వచ్చింది. కథ ఇంగ్లీషు రచయిత కిప్లింగ్‌ది, 1894 నాటిది. కథ జరిగే అడవి మధ్యప్రదేశ్‌లోని సివనీ. బొమ్మలు జపాన్‌లోని నిప్పన్ యానిమేషన్ వాళ్లవి, 1989లో అక్కడి టీవీ కోసం తీసినవి. మనకు వినిపించిన పాట రాసింది గుల్జార్, బాణీ కట్టింది విశాల్ భరద్వాజ్. పులి షేర్‌ఖాన్ గొంతు నటుడు నానా పాటేకర్‌ది. చూపించింది ఢిల్లీ. చూసింది తెనాలిలో మేము, హిందీ ఒక్క ముక్క రాకుండా. ఇంతమంది చేతులు పడ్డ పిల్లాడికి సంరక్షకుడెవరో తేల్చడం కంటే ఆ తోడేళ్లకు అప్పగించడమే తేలిక. నేరుగా జపాన్ వాళ్లకే రాద్దామని కార్యదర్శి అన్నాడు. వాళ్లు డిస్కు ఇచ్చినా అందులో మన పాట ఉండదు, అది ఇక్కడ కట్టింది. పాట లేని మౌగ్లీ మాకెందుకు? అల్లం పచ్చడి లేని పెసరట్టులా.

పాట సంగతి వచ్చింది కనుక ఒక నిజం ఒప్పుకోవాలి. ఏదో ఒక భాగం కథ చెప్పమని కోశాధికారి సభను అడిగాడు. తొమ్మిదిమందీ ఆకాశం కేసి చూశారు. ఒకాయన కాసేపు ఆలోచించి, ‘పులి వస్తుంది’ అన్నాడు. తర్వాత? ‘వెళ్లిపోతుంది.’ అదే పాట అందుకోగానే తొమ్మిది గొంతులూ తప్పు పోకుండా చివరిదాకా పాడాయి. అందులో మాకు ఆ రోజుల్లో అర్థమైన మాట ఒక్కటే, చడ్డీ. ఆ ఒక్క మాట ఆసరాతో మిగతా హిందీ అంతా అర్థమైనట్టే ఉండేది.

తెలుగులో డబ్బింగ్ కూడా అడుగుదామని ఒక యువ సభ్యుడు (వయసు 38) ప్రతిపాదించాడు. సభ అట్టుడికిపోయింది. తెలుగులోకి వస్తే అందులో ఏం మాట్లాడుకుంటున్నారో తెలిసిపోతుంది కదా! ముప్పై ఏళ్లుగా ఆ ఎలుగుబంటి ఏదో గొప్ప ధర్మసూక్ష్మం చెబుతోందని నమ్ముకుని బతుకుతున్నాం. తీరా అది ‘పద, ఆకలేస్తోంది’ అని తేలితే ఆ బాధ్యత ఎవరిది? ప్రతిపాదన వీగిపోయింది.

ఇంకో తీర్మానం మాత్రం ఏకగ్రీవం. ఈమధ్య ఓటీటీల్లో ‘స్కిప్ ఇంట్రో’ అని ఒక బటన్ వస్తోంది. పాట మొదలవగానే పిల్లలు దాన్ని నొక్కి కథలోకి దూకేస్తారు. మా అబ్బాయికి ఈ పాట వినిపించబోతే నాలుగో సెకనుకే వాడి వేలు గాల్లో ఆ బటన్ కోసం వెతికింది. మా డీవీడీలో ఆ బటన్ తీసేసి, ఆ స్థానంలో ‘స్కిప్ ఎపిసోడ్’ పెట్టాలి. నిమిషం పాట, నొక్కుడు, మళ్లీ నిమిషం పాట. ఇలాగైతే 52 భాగాలూ ఒక్క పూటలో పూర్తిచేసి, ఆఫీసుకు సెలవు పెట్టకుండానే బాల్యం చూసిరావచ్చు.

ప్రభుత్వం మా మీద కుట్రలు చేయకపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో రామాయణం, మహాభారతం, శక్తిమాన్ వరసలోనే దూరదర్శన్ మౌగ్లీని కూడా మళ్లీ వేసింది. హోమ్ రిలీజ్ అంటే అంతకు మించి ఏముంటుంది? జనాన్నందరినీ హోమ్‌లో పెట్టి తాళం వేసి మరీ రిలీజ్ చేశారు. మా అధ్యక్షుడు మొదటి రోజు పాట మొత్తం విని, కళ్లు తుడుచుకుని, స్టేటస్ పెట్టి, పులి వచ్చేలోపు నిద్రపోయాడు. రెండో రోజు టీవీ పెట్టలేదు. 2024లో దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ‘వేవ్స్’ అని సొంత ఓటీటీ తెచ్చి పాత సీరియళ్లు పెట్టడం మొదలెట్టినప్పుడు మాకు గుండెల్లో రాయి పడింది. అడిగినవన్నీ ఇలా ఇచ్చుకుంటూ పోతే ఉద్యమాలు ఎలా నడుస్తాయి?

కాపీరైట్ హక్కులు తీరిపోయేదాకా ఆగుదామని మా న్యాయ సలహాదారు అన్నాడు. మన చట్టంలో సినిమాల్లాంటి వాటికి గడువు 60 ఏళ్లు. 1993కి 60 కలిపి, ఆ ఏడాది కూడా దాటేసరికి 2054 వస్తుంది. ఆ రోజుల్లో తొమ్మిదేళ్లవాడికి అప్పటికి డెబ్బై. నర్సమ్మ మాత్రలిచ్చి, టీవీ పెట్టి వెళ్తుంది. అదీ హోమ్ రిలీజే, కాకపోతే ఆ హోమ్ వేరు.

విదేశాల్లో ఇలాంటి పోరాటాలు ఎంత పద్ధతిగా సాగుతాయో చూడండి. 1960లలో వచ్చిన బ్రిటిష్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు చాలావాటిని బీబీసీ వాళ్లే చెరిపేశారు. టేపు ఖరీదు, చెరిపి మళ్లీ వాడుకోవడం అప్పటి అలవాటు. అభిమానులు ఊరుకోలేదు. 2013లో నైజీరియాలో దొరికిన తొమ్మిది ఎపిసోడ్లు బయటికొచ్చాయి. బొమ్మ దొరకనివాటికి కూడా శబ్దం మిగిలింది, ఎందుకంటే ఆ రోజుల్లో కొందరు అభిమానులు టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకుని కూర్చున్నారు. ఆ శబ్దానికి ఇప్పుడు బొమ్మలు గీయించి డిస్కులు వేస్తున్నారు.

నేనూ రికార్డు చేశాను. మా బాబాయి కువైట్ నుంచి తెచ్చిన వీసీఆర్ మీద, మూడు ఆదివారాలు. ఖాళీ క్యాసెట్ కొనిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మూడు గంటల క్యాసెట్ బాబాయి పెళ్లిది. దాని మీద మళ్లీ ఏదీ రికార్డు కాకుండా వీడియో తీసినతను క్యాసెట్ వీపు మీదుండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచి ఇచ్చాడు. ఆ బొక్క మీద సెల్లోటేప్ ముక్క అంటిస్తే మిషన్ మోసపోతుందని మా క్లాసులో ఒక మేధావి చెప్పాడు. మోసపోయింది.

ఆ క్యాసెట్ ఇప్పటికీ ఉంది. జీలకర్రా బెల్లం బాగానే వస్తుంది. మంగళసూత్రం కూడా. తలంబ్రాల దగ్గర బాబాయి దోసిలి నిండా బియ్యంతో రెండు చేతులూ పైకెత్తుతాడు. ఆ చేతులు ఇక దిగవు. తెర మీద గీతలు పాకి, తలంబ్రాలన్నీ చుక్కలైపోయి, ఏదో సబ్బుపొడి ప్రకటన చివరి ముక్క, వెంటనే తోడేలు. మూడు భాగాలు, మధ్యలో ఒకసారి కరెంటు పోయిన చోటుతో సహా. మా సంఘం చేతిలో ఉన్న ఆర్కైవు మొత్తం ఇదే.

వినతిపత్రం మీద సంతకాలకని పిన్ని దగ్గరికి కూడా వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది.

“వాణ్ణి విడుదల చేయడమేంట్రా? వాడు విడుదలై వచ్చి నా క్యాసెట్‌లో కూర్చుని ముప్పై ఏళ్లయింది కదా!”

“అది కాదు పిన్నీ, మొత్తం 52...”

“మా నాన్న అప్పగింతల్లో ఏడ్చాడంటే మీ బాబాయి ఇప్పటికీ నమ్మడు. ఆయనా, ఏడవడమా అంటాడు. చూపిద్దామంటే నీ పులి వస్తుంది.”

తాతగారు పోయి పదిహేనేళ్లు. నేనేం మాట్లాడలేదు. పిన్ని పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టింది. కాయితం నా చేతికిచ్చేముందు మళ్లీ వెనక్కి లాక్కుని, డిమాండ్ల కింద మిగిలిన కాస్త ఖాళీలో చిన్న అక్షరాలతో రాసింది: అప్పగింతలు కూడా.