పాల్ స్కీన్స్‌ను ఇండియానాపొలిస్‌లో ఎందుకు ఆపారు?

2024 మే 11న అమెరికా బేస్‌బాల్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు తరఫున అక్కడి అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. తర్వాతి సంగతులు బేస్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలుసు. రెండో మ్యాచ్‌లోనే షికాగో కబ్స్‌కు ఆరు ఇన్నింగ్స్ పాటు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 11 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేయడం) తీశాడు. జూలైలో ఆల్‌స్టార్ గేమ్‌లో మ్యాచ్ మొదలుపెట్టిన పిచ్చర్, సీజన్ చివరికి 1.96 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ సగటున ఇచ్చే పరుగులు, ఎంత తక్కువైతే అంత మేలు), ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్. 2025లో ఏకగ్రీవంగా, ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరుగా ఎంపికైన పది నెలలకే పైకొచ్చాడని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆరు వారాలు ఆలస్యంగా వచ్చాడనే అంటాను. ఆ ఆలస్యానికి అతని ఆటలో ఎంత వెతికినా కారణం దొరకదు.

ఆ ఏడాది మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏలో, పైరేట్స్‌కు చెందిన ఇండియానాపొలిస్ జట్టుకు అతను ఏడు మ్యాచ్‌లు ఆడాడు. ఇరవై ఏడు ఇన్నింగ్స్ పైచిలుకులో 45 స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ 0.99. అక్కడి బ్యాటర్లు అతనికి నేర్పగలిగింది ఏమైనా మిగిలి ఉందా?

కారణం నిబంధనల్లో ఉంది. ఒక సీజన్‌లో 172 రోజులు మేజర్ లీగ్‌లో ఉంటే ఏడాది సర్వీసు కింద లెక్క. అలాంటివి ఆరు పూర్తయితేనే ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు, తనకు నచ్చిన జట్టుతో బేరం ఆడుకోగలుగుతాడు. సీజన్ మొదట్లో కొన్ని వారాలు కింద ఉంచితే ఆ ఏడాది లెక్కకు రాదు, జట్టుకు ఇంకో ఏడాది చవగ్గా దొరుకుతుంది. 2015లో కబ్స్ జట్టు తన కుర్ర బ్యాటర్ క్రిస్ బ్రయంట్‌ను ఏప్రిల్ 17న పైకి పిలిచింది. సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో 171 రోజులు పడ్డాయి. ఒక్క రోజు తక్కువ! అతను ఫిర్యాదు చేస్తే 2020లో మధ్యవర్తి జట్టు పక్షానే తీర్పిచ్చాడు. 2021లో సియాటిల్ మరీనర్స్ అధ్యక్షుడు కెవిన్ మేథర్ ఒక రోటరీ క్లబ్ సమావేశంలో, కుర్రాళ్లను పైకి తేకపోవడం వెనుక ఈ సర్వీసు లెక్క ఉందని బయటపెట్టేశాడు. గొడవ కావడంతో రాజీనామా చేశాడు. లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

పైరేట్స్‌ను సమర్థించేవాళ్లు చెప్పేది ఒకటుంది. కాలేజీలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ తరఫున వందకు పైగా ఇన్నింగ్స్ వేసి వచ్చాడు, భుజం మీద భారం మెల్లగా పెంచాలి అని. ఇండియానాపొలిస్‌లో మొదటి మ్యాచ్‌ల్లో మూడు ఇన్నింగ్స్‌కే ఆపేసిన మాట నిజమే. మరి ఆ మూడు ఇన్నింగ్స్ పిట్స్‌బర్గ్‌లో వేయించకూడదని ఏ డాక్టర్ చెప్పాడు?

అసలు నన్ను వదలకుండా పట్టుకున్న విషయం పిచ్చర్ మోచేయి. గంటకు వంద మైళ్ల వేగంతో వేసే ప్రతి బంతీ మోచేతి లోపలి లిగమెంట్ మీద పడే దెబ్బే. అది తెగితే దాన్ని మార్చే టామీ జాన్ సర్జరీ, ఆపై ఏడాదికి పైగా విశ్రాంతి. కొందరు మళ్లీ మునుపటిలా ఆడలేరు. బ్యాటర్‌కైతే ముప్పై ఏళ్ల వయసులో పెద్ద కాంట్రాక్టు వస్తుందని కొంత ధీమా ఉంటుంది. పిచ్చర్‌కు ఆ ధీమా లేదు. అతని చేతిలో ఎన్ని బంతులున్నాయో ఎవరికీ తెలియదు, అయిపోయాక తిరిగి రావు. పిట్స్‌బర్గ్‌లో వేసిన బంతి లిగమెంట్‌ను ఎంత అరగదీస్తుందో ఇండియానాపొలిస్‌లో వేసిన బంతీ అంతే అరగదీస్తుంది. శరీరం లెక్కలో రెండూ ఒకటే. ఒప్పందం లెక్కలో మాత్రం ఒకటి సున్నా. కష్టం ఖర్చయిపోయింది, దానికి దక్కాల్సిన హక్కు ఖాతాలో పడలేదు. దీన్ని అన్యాయం అనకుండా ఇంకేమనాలి?

ఇదే పైరేట్స్ 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లను, రింకూ సింగ్‌ను, దినేశ్ పటేల్‌ను ఒప్పందం చేసుకుని చేర్చుకుంది. దినేశ్ 2010లో తిరిగొచ్చేశాడు. రింకూ కింది లీగుల్లో ఏళ్ల తరబడి బంతులు వేశాడు, గాయాలపాలై మోచేతికి సర్జరీ చేయించుకున్నాడు, మేజర్ లీగ్ మెట్టు ఎక్కనే లేదు.

స్కీన్స్ బోనస్ 92 లక్షల డాలర్లు, అతని గురించి బాధపడాల్సిన పనిలేదని కొందరంటారు. పైగా రూకీ అవార్డు ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే పూర్తి ఏడాది సర్వీసు ఇవ్వాలని యజమానులు, ఆటగాళ్ల యూనియన్ 2022 ఒప్పందంలో రాసుకున్నారు కాబట్టి అతనికి ఆ ఏడాది దక్కింది కూడా. మూడో స్థానంలో ఉన్నవాడి సంగతేంటి? అసలు ఓట్లే పడనివాడి సంగతేంటి? 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్లకు తొలిసారి యూనియన్ ఒప్పందం కుదిరాక ట్రిపుల్-ఏ కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లయింది. మేజర్ లీగ్‌లో 2024 కనీస జీతం 7,40,000. ఆ ఒక్క మెట్టు ఎప్పుడు ఎక్కాలో నిర్ణయించేది యజమాని.

మనకూ ఇది తెలిసిన పద్ధతే. 2025 దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు కొన్ని రక్షణలు ఇచ్చింది. ఆ లెక్క నిండకుండా మధ్యలో బ్రేక్ ఇచ్చి మళ్లీ అదే పనిలోకి తీసుకోవడం, అది కృత్రిమ విరామమని కార్మికులు కోర్టుకెక్కడం దశాబ్దాలుగా చూస్తున్నాం. కాంట్రాక్టు ఉద్యోగులు ఏళ్లకేళ్లు పనిచేసి రెగ్యులర్ చేయమని ధర్నాలు చేస్తుంటే, మీ సర్వీసు లెక్కకు రాదనే జవాబే వస్తోంది. హక్కు ఎప్పుడు మొదలవుతుందో తేల్చే గడియారం యజమాని చేతిలో ఉన్నచోట పనిమంతుడు ఎంత ప్రతిభావంతుడైనా ఎదురు చూడాల్సిందే.

మేజర్ లీగ్ ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. గతసారి చర్చల్లో ఫ్రీ ఏజెన్సీని ముందుకు జరపమని యూనియన్ అడిగి, 2022 జనవరిలో ఆ డిమాండ్‌ను వదిలేసింది. ఈసారి వదలకూడదు. ట్రిపుల్-ఏలో ఆడిన ప్రతి రోజునూ, పూర్తిగా కాకపోతే సగమైనా, సర్వీసులో కలపాలని పట్టుబట్టాలి. పిచ్చర్లకైతే ఆరేళ్లను ఐదుకు తగ్గించాలి. లాకౌట్ చేస్తామని యజమానులు బెదిరించినా సరే.