సాఫ్ట్‌వేర్ కంటే ముందు పెట్టీ క్యాష్ పుస్తకం

కామర్స్ విద్యార్థులకు మొదటి వారం నుంచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పాలని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ముందు ఓ పదిహేను వోచర్లు (ఖర్చుకు రుజువు కాగితాలు), ఒక పెట్టీ క్యాష్ పుస్తకం, అంటే చిల్లర ఖర్చులు రాసే పుస్తకం, వాళ్ల చేతికివ్వండి. ఇంప్రెస్ట్ (చిల్లర ఖర్చుల కోసం ముందుగా ఇచ్చే స్థిర మొత్తం) 5,000 అనుకుంటే, ఎప్పుడు లెక్క చూసినా పెట్టెలో నగదు, వోచర్ల మొత్తం కలిపి 5,000 రావాలి. 3,260 ఖర్చయితే తిరిగి నింపాల్సిందీ సరిగ్గా 3,260.

తేడా వచ్చినప్పుడు వెతకడం నేర్పాలి, అసలు పాఠం అదే. తేడా 9తో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు: 540 బదులు 450 రాస్తే తేడా 90. ట్రయల్ బ్యాలెన్స్ అంటే అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమో కాదో చూసే పట్టిక. దాని తేడాలో సగం మొత్తం ఏదైనా ఎంట్రీలో కనిపిస్తే, డెబిట్‌లో రాయాల్సింది క్రెడిట్‌లో పడిందేమో చూడాలి. సాఫ్ట్‌వేర్ ఈ రెండో తప్పును రానివ్వదు. కానీ 540 చెల్లింపును రెండు వైపులా 450గానే ఎక్కిస్తే నోరెత్తదు. బ్యాంకు ద్వారా చెల్లించి ఉంటే, అది బ్యాంకు రికన్సిలియేషన్‌లో, అంటే మన పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చి చూసినప్పుడు దొరుకుతుంది.

అన్నీ సరిపోయే కాగితాలిస్తే ఎవరూ ఏమీ నేర్చుకోరు. స్టేట్‌మెంట్‌లో బ్యాంకు చార్జీ ఒకటి, పుస్తకంలో ఇంకా బ్యాంకుకు చేరని చెక్కు ఒకటి ఉండనివ్వండి. ఒక వోచర్‌ను కావాలనే తీసేయండి, ఇంకోదాన్ని సంతకం లేకుండా పెట్టండి.