కర్నూలు పొద్దు, కాకినాడ సజ్దా

నిన్న కాకినాడలో నా పరువు పోయింది. మంట ఇంకా చల్లారలేదు.

మా అమ్మాయి సర్టిఫికెట్ కోసం రాత్రంతా ప్రయాణం చేసి ఓ ఆఫీసుకు పోతే, కౌంటర్లో ఆయన పదకొండు ముప్పావుకే టిఫిన్ డబ్బా మూత తీస్తూ "లంచ్ తర్వాత రండి" అన్నాడు. సరే, ఆయన మనసు కరగాలని రెండు రకాతుల నఫిల్ (విధి కాని, అదనపు నమాజు) చదువుదామని పక్కవీధి మసీదుకు పోయాను. 12:05. వేళ తెలియక కాదు సుమా. పొద్దు పొడిచేటప్పుడు, నడినెత్తిన ఉన్నప్పుడు, గుంకేటప్పుడు నమాజు కూడదనీ, సూర్యుణ్ణి కొలిచేవాళ్లతో పోలిక రాకూడదనీ, తెల్లవారుజామున ఫజర్ తర్వాతా సాయంత్రం అసర్ తర్వాతా నఫిళ్లు వద్దనీ మా బామ్మర్దికి ఏడాదికి నాలుగుసార్లు క్లాసు పీకేది నేనే. ఫోన్లో యాప్ చూశాను. పొద్దు నడినెత్తికెక్కే వేళ, జవాల్, 12:32. బోలెడు టైముంది.

చేతులు కట్టానో లేదో వెనక దగ్గు. ఎవరో పెద్దాయన. నమాజులో ఉన్నవాణ్ణి పలకరించకూడదు, ముందు నుంచి దాటకూడదు. అందుకని ఆయన నా చుట్టూ అర్ధచంద్రాకారంలో తిరుగుతున్నాడు. ఎడమవైపు ఓ దగ్గు, కుడివైపు ఓ దగ్గు. ఈ కాలంలో పనిరోజు పట్టపగలు నఫిల్ చదివేవాడు కనబడేసరికి పాపం గొంతు పూడుకుపోయిందనుకున్నాను. ఆ మాత్రం అభిమానానికి మనమూ న్యాయం చేయాలి కదా! చిన్న సూరా అనుకున్నది పెద్దదైంది. నుదురు నేలకానించి సజ్దాలో ముగ్గురు క్లర్కుల మనసులు కరిగేంతసేపు ఉన్నాను.

ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పొదుపు కాబోలు, ఈ కమిటీలన్నీ ఇంతే అని సజ్దాలోనే చిరాకుపడ్డాను (ఆ సజ్దా ఎటూ చెల్లలేదు, ఇది అదనం). తర్వాత గోడమీది ఎర్రంకెల బోర్డును ఆయన వేలితో టకటకా కొట్టాడు. బోర్డు పాడైందేమో! దాని మీద ఉన్నది ఉర్దూ. నాకు ఉర్దూ మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. తెలుగు మీడియం మరి.

సలాం తిప్పి నమాజు ముగించాను. ఆయన గబగబా దగ్గరికొచ్చి "బా..." అన్నాడు. దువా చేయమని అడుగుతాడేమో, ఇంకో రెండు చదివాకే చేద్దామని "అల్లాహు అక్బర్" అని మళ్లీ చేతులు కట్టేశాను. వెనకనుంచి వినబడింది దగ్గు కాదు, నిట్టూర్పు.

రెండో సలాం అయ్యేసరికి ఆయన నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాడు.

"ఏ ఊరు బాబూ?"

"కర్నూలు, చాచా."

"అదీ సంగతి. ఇక్కడ జవాల్ 12:15కే. సూర్యుడు సరిగ్గా నడినెత్తినుంటే నువ్వు నడి సజ్దాలో ఉన్నావు."

యాప్ తెరిచి చూశాను. పైన చిన్న అక్షరాల్లో "కర్నూలు". లొకేషన్ నేనే ఆపేశాను, బ్యాటరీ తింటోందని. గడియారం దేశమంతటికీ ఒకటే. అది లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది. మా కర్నూలు దానికి నాలుగు డిగ్రీల పైచిలుకు పడమర, డిగ్రీకి 4 నిమిషాలు. ఇక్కడ నెత్తికెక్కిన పొద్దు మా ఊళ్లో ఎక్కడానికి ఇంకో పదిహేడు నిమిషాలు పడుతుంది. ఫిబ్రవరి కాబట్టి 12:15 అయినా అయింది. నవంబరులో అయితే ఇక్కడ పన్నెండు కొట్టకముందే నెత్తి దాటేస్తుందట. ఇంత భూగోళం తెలిసిన మనిషి భుజం మీద ఒక్క దెబ్బ వేసి ఆపొచ్చుగా! నాలుగు రకాతులూ దగ్గుతూ కూర్చున్నాడు.

"పోనీలే బాబూ, 'జవాల్ టైం, జవాల్ టైం' అంటారుగానీ జవాల్ అంటే వాలడమే. పొద్దు వాలిపోయింది, ఇప్పుడు ఎంతసేపైనా చదువుకో" అని ఫ్యాను వేశాడు.

ఈలోగా మధ్యాహ్నపు జుహర్‌కు ఓ పదిమంది చేరారు. ముందుగా చదివే సున్నత్ నమాజుకు లేచి, వాళ్లందరి ముందూ తలవంచుకుని చేతులు కట్టాను. సరిగ్గా 12:22. జేబులోంచి ఫోను మసీదంతా మోగేలా అంది: "మక్రూహ్ సమయం మొదలైంది. దయచేసి నమాజు చదవకండి."

వెనక దగ్గు.