డిక్కీలో అశోక్

మొన్న ఆదివారం జరిగింది ఇది. మోకాలి నొప్పి ఇంకా తగ్గలేదు, అందుకని మధ్యలో ఎక్కడైనా కోపంగా అనిపిస్తే ఏమీ అనుకోకండి.

నేను సిడ్నీలో మా అక్కావాళ్ళింట్లో ఉంటున్నా. మా బావకి పాత కార్ల పిచ్చి. పిచ్చి అంటే కొన్నాడని కాదు, ఇంట్లో ఉన్నది ఒక్క కరోలా, దానికి కూడా సర్వీసింగ్ డేట్ నేనే గుర్తు చేయాలి. కానీ రోడ్డు మీద ఏ పాత బండి కనపడ్డా పేరు చెప్పేయాలి, చెప్పకపోతే ఆయనకి అన్నం సయించదు. కరెక్టో కాదో వేరే విషయం. అలాంటి మనిషిని పాత కార్ల షోకి తీసుకెళ్ళడం మా అక్క ఐడియా, తోడు నన్ను పంపడం కూడా ఆవిడ ఐడియానే, చివరి నిమిషంలో తనూ వచ్చింది ఫోటోలకి.

పార్కులో ఓ మూల ఒక ముసలాయన ఆట పెట్టాడు. వరసగా అయిదు కార్లు, పేరున్న చోటల్లా నీలం టేపు అతికించేశాడు. ఏ కారో చెప్పాలి, చెబితే బహుమతి. మొత్తం అయిదూ ఒకే బాపతు, కంపెనీ ఒక దేశానిది, కారు ఇక్కడి బ్రాంచి వాళ్ళు కట్టింది. బావ చొక్కా చేతులు మడిచాడు. మొదటి దానికి డాడ్జ్ చార్జర్ అన్నాడు. అది వేలియంట్ చార్జర్ అట, క్రైస్లర్ వాళ్ళ అడిలైడ్ ఫ్యాక్టరీది, 1971లో వచ్చింది, అమెరికా చార్జర్‌కీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు. రెండోదానికి షెవర్లే షెవెట్ అన్నాడు. తప్పే గానీ పూర్తి తప్పు కాదు పాపం, అది హోల్డెన్ జెమినై, జపాన్‌లో అదే ఇసుజు, జర్మనీలో అదే ఓపెల్ కాడెట్, అమెరికాలో దాని పినతండ్రి కొడుకే షెవెట్, అప్పట్లో అందరికీ ఇంటిపేరు జనరల్ మోటార్సే. మన పెళ్ళిళ్ళలో చూస్తాం కదా, వీడు ఎవరి తాలూకు అంటే పదిమందీ పది వరసలు చెబుతారు, చివరికి అన్నీ నిజమే అవుతాయి. మూడు, నాలుగు ఎలా పోయాయో చెప్పను, బావ పరువు కూడా కొంచెం చూడాలి.

అయిదోది ఆకుపచ్చగా, పొడుగ్గా, వెనకభాగం మాత్రం డబుల్ కాట్ మంచంలా ఉంది. బావ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ఫోన్లో యాప్ తీసి ఫోటో కొట్టాడు. ముందునుంచి తీస్తే ఒక పేరు, పక్కనుంచి తీస్తే ఇంకో పేరు, వెనకనుంచి తీస్తే "హిందుస్తాన్ కాంటెస్సా" అంది, అదీ తొంభై రెండు శాతం నమ్మకంతో. ఈ యాప్ తయారుచేసినవాడు దొరికితే ఒకసారి మాట్లాడాలి నేను. బావ మొహం వెలిగిపోయింది. "కాంటెస్సా! ఉత్తరపారా! మా తెనాలిలో ఎమ్మెల్యే గారికి ఉండేది!" అని అరిచాడు. (ఉత్తరపారా అంటే బెంగాల్లో ఆ కారు తయారైన ఊరు.) ముసలాయన కాసేపు ఆయన్ని చూసి, తర్వాత ఆకాశం చూశాడు. తర్వాత ఇంటికొచ్చి చూస్తే తెలిసింది, అసలు కాంటెస్సానే మనది కాదు, 1972లో ఇంగ్లండ్‌లో వచ్చిన వాక్స్‌హాల్ విక్టర్ అచ్చులు మనవాళ్ళు కొనుక్కొచ్చారు, ఆ వాక్స్‌హాల్ అప్పట్లో మళ్ళీ జనరల్ మోటార్స్ వాళ్ళదే. అంటే బావ చెప్పిన తప్పులో కూడా ఇంకో తప్పుంది.

ముసలాయన జాలిపడి ఒక క్లూ ఇచ్చాడు. "ఈ కారు డిక్కీలో నలభై నాలుగు గ్యాలన్ల డ్రమ్ము పడుతుంది, ఈ కారుకి ఉన్న పేరల్లా అదే." అంటే రెండొందల లీటర్లు, మన పెళ్ళిళ్ళలో నీళ్ళకి పెట్టే నీలం డ్రమ్ము లేదూ, అది. "డ్రమ్ము తేలేదు గానీ..." అని ఆగి చుట్టూ చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, టైలర్ టేపు తీసేముందు చూసే చూపు. నేను మెల్లిగా అక్క వెనక్కి జరుగుతున్నా. ఈలోపే బావ నా భుజం మీద చెయ్యేసి, "మా బామ్మర్ది ఉన్నాడండీ, డ్రమ్ముకేం తక్కువ కాదు" అన్నాడు ఇంగ్లీషులో. జనం నవ్వారు. మా అక్క కూడా నవ్వింది, అది నేను మర్చిపోను.

ముసలాయన డిక్కీలోంచి మడత కుర్చీలు, ఐస్ పెట్టె బయటికి తీస్తూ తాళాల గుత్తి నాకిచ్చాడు, ఒక్క నిమిషం పట్టుకోమని. నేను చొక్కా జేబులో వేసుకున్నా. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఎక్కాను. మోకాళ్ళు గెడ్డానికి ఆనించి కూర్చుంటే నిజంగానే పట్టాను, ఇంకా పక్కన ఒక బియ్యం బస్తా పడుతుంది. "చూశారా, మూత కూడా పడుతుంది" అని ముసలాయన మూత సగం దించాడు. సగమే. మిగతా సగం ఎవరు దించారో నేను చెప్పను, నాకు పెళ్ళి చేయాల్సింది కూడా వాళ్ళే. టక్ మంది.

చీకటి. పెట్రోలు వాసన, పాత రబ్బరు వాసన, ఎప్పటిదో తడి గోనెసంచి వాసన. ఎడమ పక్క తుప్పుపట్టిన చోట అర్ధరూపాయంత చిల్లు, అందులోంచి ఒక సన్నటి ఎండ గీత సరిగ్గా నా బొడ్డు మీద పడుతోంది, సినిమాహాల్లో ప్రొజెక్టరు లాగా. బయట నవ్వులు. తర్వాత నవ్వులు తగ్గాయి. తర్వాత ముసలాయన గొంతు, "తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" ఎవరూ మాట్లాడలేదు. నేను జేబు తడుముకున్నా, ఘల్లుమంది. ఆ చప్పుడు బయటికి కూడా వినపడింది. "ఓ" అన్నాడు ముసలాయన.

రెండో తాళం ఉందట, వాళ్ళావిడ హ్యాండ్‌బ్యాగులో. ఆవిడ ఎక్కడుంది? సాసేజ్ సిజిల్ క్యూలో, అంటే అక్కడికక్కడే సాసేజ్‌లు కాల్చి బ్రెడ్డులో పెట్టిచ్చే స్టాలు. పిలవడానికి ఒక పిల్లాడు వెళ్ళాడు, వచ్చి చెప్పాడు, ఇంకా ఇద్దరే ఉన్నారట ముందు, తీసుకుని వస్తుందట. అంటే నేను డిక్కీలో ఉన్నాను అని తెలిసి కూడా లైను వదల్లేదు మహాతల్లి. ఉల్లిపాయలు వేయించడం మొదలుపెట్టారట ఇప్పుడే, దానికి ఆగింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు అంటారు, ఇక్కడ బల్లి బయట హాయిగా ఉంది, కుడితి తొట్లో ఏ పాపం ఎరగని నేను.

ముసలాయన మాత్రం టైము వేస్టు చేసే రకం కాదు. జనం పోగయ్యారు కదా అని, నా నెత్తిమీద రేకు మీద టకటకా కొట్టుకుంటూ క్లాసు మొదలుపెట్టాడు. పేరు చెప్పట్లేదు, క్లూల మీద క్లూలు. నేను లోపల మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని విన్నా, ఇంత శ్రద్ధగా ఇంజనీరింగులో కూడా వినలేదు. 1973లో వచ్చిందట. సిడ్నీలోనే జెట్లండ్ అనే చోట, ఒకప్పటి గుర్రప్పందేల మైదానంలో కట్టిన ఫ్యాక్టరీలో తయారైందట. బొమ్మ గీసింది ఇటలీ ఆయన మికెలోట్టి. (మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఆయన గీసిందే, ఇది తర్వాత తెలిసింది.) నాలుగు పాయింట్ నాలుగు లీటర్ల వీ8 ఇంజను, అల్యూమినియంది. ఈ రంగు పేరేంటి అని ఎవరో అడిగారు. "హెయిరీ లైమ్" అన్నాడు. వెంట్రుకల నిమ్మకాయ. నేను తప్పుగా విన్నానేమో అనుకున్నా, కాదు, కంపెనీ వాళ్ళే పెట్టిన పేరట, ఊదారంగుకి "ప్లమ్ లోకో", ఇంకోదానికి "ఓ ఫడ్జ్" అనీ ఉన్నాయట. మన దగ్గరైతే పచ్చ కారు అని ఊరుకునేవాళ్ళం. ఇక్కడి కార్ల పత్రిక వీల్స్ ఆ ఏడాది దీన్నే కార్ ఆఫ్ ది ఇయర్ అంది, అదే ఏడాది అక్టోబరులో పెట్రోలు సంక్షోభం వచ్చింది, మరుసటి ఏడాది ఫ్యాక్టరీకే తాళం పడింది. తాళం అన్న మాట దగ్గర మళ్ళీ అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అప్పుడన్నాడు ఆఖరి క్లూ. "తల్లి కంపెనీ ఇంగ్లండ్‌ది. కార్ల కంటే ముందు లారీలు, బస్సులకి పేరు. ఆ పేరుతో అక్కడ ఒక ఊరే ఉంది."

లారీలు. బస్సులు. నాకు చీకట్లో ఒక్కసారి కళ్ళ ముందు కనపడింది, చిన్నప్పుడు ఆర్టీసీ బస్సులో ముందు సీటు కోసం కొట్టుకుని, డ్రైవర్ పక్కన వేడి ఇంజను మూత మీద కూర్చుని, స్టీరింగు మధ్యలో చదువుకున్న ఆ పేరు. అరిచాను, నా గొంతు నాకే చెవులు గింగిర్లెత్తేలా. "అశోక్ లేలాండ్!"

బయట నిశ్శబ్దం.

"అశోక్ ఎవరు?" అన్నాడు ముసలాయన.

"లోపలున్నతని పేరేమో" అంది ఎవరో ఆవిడ.

"కంగారుపడకు అశోక్! తాళం వస్తోంది!"

నిజానికి అశోక్ అంటే కంపెనీ పెట్టిన రఘునందన్ సరన్ గారి కొడుకు పేరు, 1948లో అశోక్ మోటార్స్ అని పెట్టి ఆస్టిన్ కార్లు బిగించేవాళ్ళు, 1955లో ఇంగ్లండ్ లేలాండ్ వాళ్ళు వచ్చి చేరితే అశోక్ లేలాండ్ అయింది. ఇదంతా డిక్కీలోంచి ఇంగ్లీషులో అరిచి చెప్పడానికి ఊపిరుండాలి కదా. "నాట్ మీ! లేలాండ్! లేలాండ్!" అంటున్నా. ఈలోపు బావ గొంతు వినపడింది, తాపీగా, అప్పుడే ఆలోచించి కనుక్కున్న మనిషిలా, "ఐ థింక్... లేలాండ్, సర్."

చప్పట్లు. అవును, లేలాండ్ పీ76. సగం కారే అని అప్పట్లో జనం పీ38 అని వెక్కిరించేవాళ్ళని కూడా ముసలాయన చెప్పాడు, బావ ముందే తెలిసినట్టు తలూపాడట, అక్క చెప్పింది.

తర్వాత బయటికెలా వచ్చానో అడక్కండి. ఆవిడ చేతి నిండా ఉల్లిపాయల వాసన, అంతవరకే చెబుతా. ఎండలో కళ్ళు చికిలిస్తూ లేస్తే ముసలాయన నా వీపు తట్టి, "గుడ్ ఆన్ యా, అశోక్" అన్నాడు. నా పేరు అది కాదు అందామనుకున్నా, అప్పటికే వెళ్ళిపోతున్నాడు. అక్క డిక్కీలో నేనున్న ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది, కింద తెనాలి నుంచి బావ వాళ్ళ నాన్నగారి మెసేజ్, "అబ్బాయి పేరు మార్చారా?"

బహుమతి ఒక కాఫీ మగ్గు, దాని మీద పచ్చ కారు, డిక్కీలో డ్రమ్ము బొమ్మ. నేనిది టైపు చేస్తుంటే ఎదురుగా సోఫాలో కూర్చుని బావ అందులోనే టీ తాగుతున్నాడు. చక్కెర తక్కువైందట, వెళ్ళి తెమ్మంటున్నాడు.