గొంతు ఆయనదే, బొమ్మ ఎవరిది?

అది 2023. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టిన పాటల బృందం బీటిల్స్‌లో మిగిలిన ఇద్దరిలో పాల్ మెకార్ట్నీకి 81 ఏళ్లు. రింగో స్టార్‌కు 83. ఒక పాట వీడియోలో, స్టూడియోలో వాళ్లిద్దరూ పాడుతూ, వాయిస్తూ ఉంటే పక్కనే అదే బృందంలోని జాన్ లెనన్, జార్జ్ హారిసన్ పాతికేళ్ల కుర్రాళ్లలా నిలబడి కోతిచేష్టలు చేస్తుంటారు. జాన్‌ను 1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లో ఆయన ఇంటి గుమ్మం దగ్గరే కాల్చి చంపారు. జార్జ్ 2001 నవంబరులో క్యాన్సర్‌తో పోయారు. 1967 నాటి ఫిల్ములోంచి ఆ ఇద్దరినీ విడదీసి ఇప్పటి గదిలోకి తెచ్చి నిలబెట్టారు. 2023 నవంబరు 3న విడుదలైన బీటిల్స్ ‘నౌ అండ్ దెన్’ వీడియో మీద అభిమానులు రెండుగా చీలిపోయారంటే కారణం ఈ కాసిని దృశ్యాలే.

లివర్‌పూల్ గొడవ తిరుపతికెందుకు అనుకోనక్కర్లేదు. మద్రాసు వెళ్లినప్పుడల్లా బీటిల్స్ క్యాసెట్లు కొని తెచ్చుకుని, అవి అరిగేదాకా విన్న తరం ఒకటి ఈ ఊళ్లో ఉంది. వాళ్ల పిల్లలు ఇప్పుడు హాస్టల్ గదుల్లో గిటారు పట్టుకుని అవే పాటలు సాధన చేస్తున్నారు. మేము విన్నంతలో ఈ వీడియో చూసి కళ్లు తుడుచుకున్నది ఎక్కువగా ఆ పిల్లలు. ముఖం తిప్పుకున్నది పెద్దలు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పిల్లలకు జాన్ ఎప్పుడూ తెర మీది మనిషే. ఆ తెర మీదే ఆయన ఇంకోసారి నవ్వితే వాళ్లకు సంతోషం. పెద్దలకు మాత్రం ఆయన చావు ఒక రోజు పొద్దున పేపరు తెరిస్తే కనబడిన వార్త. ఆ పొద్దును ఎవరో చెరిపేసినట్టు వాళ్లకు తోచింది.

పాట పుట్టుక తెలిస్తే గానీ ఈ తగాదా బరువు తెలియదు. 1970ల చివర్లో జాన్ న్యూయార్క్‌లోని తన ఇంట్లో పియానో ముందు కూర్చుని, మామూలు క్యాసెట్ రికార్డరులో ఈ పాటను సగం సగంగా పాడి ఉంచుకున్నారు. ఆయన పోయాక 1994లో భార్య యోకో ఓనో ఆ టేపులను పాల్ చేతికిచ్చారు. వాటిలో రెండు పాటలను మిగిలిన ముగ్గురూ పూర్తిచేసి 1995, 1996లలో విడుదల చేశారు. మూడోది ఇదే. టేపు నిండా కరెంటు రొద, గొంతును మింగేసే పియానో. దాన్నక్కడే వదిలేశారు. ఆ పాట మీద పనిచేయడం జార్జ్‌కు నచ్చలేదని పాల్ తర్వాత చాలాసార్లు చెప్పారు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఆ పాట అట్లాగే పడి ఉంది.

సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ 2021లో బీటిల్స్ డాక్యుమెంటరీ తీసినప్పుడు ఆయన బృందం ఒక యంత్రానికి శబ్దాలు గుర్తుపట్టడం నేర్పింది. ఒకే టేపులో కలిసిపోయిన గొంతునూ వాయిద్యాన్నీ అది వేరుచేయగలదు. జాన్ క్యాసెట్‌ను దానికి వినిపిస్తే పియానో ఒకవైపు, గొంతు ఒకవైపు తేలాయి. ఇందులో కొత్తగా పుట్టించిన స్వరం ఒక్కటీ లేదు. పొట్టు చెరిగితే బియ్యం మిగిలినట్టు ఉన్నదే మిగిలింది. దానికి జార్జ్ 1995లో వాయించిన గిటారు, పాల్, రింగో కొత్తగా వాయించినవి కలిపారు. ఇరు కుటుంబాలూ ఒప్పుకున్నాయి. బ్రిటన్‌లో పాట మొదటి స్థానానికి చేరింది. అక్కడ వాళ్ల కొత్త పాట ఆ స్థానంలో ఉండటం 1969 తర్వాత ఇదే. జాన్ పాడుకున్న ఒక చరణ భాగాన్ని తీసేశారన్న బాధ పాత అభిమానులకుంది. ఆ భాగం కూడా ఉంటే బాగుండేదని మాకూ అనిపించింది. అయినా వినబడుతున్న గొంతు ఆయనదే. దాని మీద ఎవరికీ అనుమానం లేదు.

వీడియో దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. దర్శకుడు జాక్సనే. ఈ పని ఒప్పుకోవడానికి మొదట వెనకాడానని ఆయనే చెప్పుకున్నారు. ఆ వెనకాడటంలో వివేకం ఉందని మేము అనుకుంటున్నాము. ఎందుకంటే అసలు నిధి ఆయన చేతిలోనే ఉంది. 1995లో జార్జ్, పాల్, రింగో కలిసి ఇదే పాట మీద పనిచేస్తున్నప్పటి దృశ్యాలున్నాయి. రింగో కంటే ముందు డ్రమ్ములు వాయించిన పీట్ బెస్ట్ ఇచ్చిన, అప్పటి బృందం తోలు బట్టల్లో ఉన్న కొన్ని క్షణాల ఫిల్ము ఉంది. అది చూసినప్పుడు మాకు నిజంగా గొంతు పట్టేసింది. చివర్లో నలుపు తెలుపు వేదిక మీద వంగి దండం పెట్టి మాయమైపోయే నలుగురూ చాలు, మనిషిని కుదిపేయడానికి. ఇంత ఉండగా, జాన్ ఎన్నడూ అడుగు పెట్టని గదిలో జాన్‌ను నిలబెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? టేపులోంచి గొంతు తీయడం వెతికి తెచ్చిన పని. ఇది అతికించిన పని. ఆ తేడా కనిపెట్టిన అభిమానులను చాదస్తులని తీసిపారేయడం మాకు సమ్మతం కాదు. ఏడ్చినవాళ్లది ఎంత ప్రేమో, వద్దన్నవాళ్లదీ అంత ప్రేమే.

పోయినవాళ్ల పాటను పూర్తిచేయడం ఈ కొండ కింద బతికేవాళ్లకు కొత్త సంగతి కాదు. 1922లో తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుంచి తాళ్లపాక వారి రాగిరేకులు వెలుగులోకి వచ్చాయి. 32 వేలు రాశాడంటారు అన్నమయ్య. మనకు దక్కినవి 12 వేలకు పైగా. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో కూర్చుని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వందకు పైగా కీర్తనలకు వరసలు కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి కట్టారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందలుగా కట్టారు. ఈ ఊళ్లో తెల్లవారేది ఆ వరసలతోనే. అవి అన్నమయ్య పాడిన వరసలు కావని అందరికీ తెలుసు, కట్టినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. అందుకే సాహిత్యం అన్నమయ్యదని, స్వరకల్పన ఫలానా వారిదని పుస్తకంలో అచ్చువేస్తారు. ఆ ఒక్క పంక్తి వల్ల ఇద్దరి గౌరవమూ నిలిచింది.

ఆ పంక్తి ఇప్పుడు కనబడటం లేదు. నగరిలో, శ్రీకాళహస్తిలో చదువుకుని, పీయూసీకి తిరుపతి వచ్చిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న మనల్ని విడిచిపోయారు. ఇప్పుడు ఆయన గొంతును యంత్రానికి నేర్పి, ఆయన పాడని పాటలు పాడిస్తున్నారు. ఫోను తెరిస్తే వినబడుతున్నాయి. ఏది బాలు పాడింది, ఏది యంత్రం పాడిందో చాలాచోట్ల పక్కన ఒక్క ముక్క రాసి ఉండదు. ఇంకో ఇరవై ఏళ్లకు పుట్టే పిల్లవాడు అన్నీ ఆయనవే అనుకుంటాడు. శ్వాస కోసం ఆయన ఎక్కడ ఆగేవారో, ఏ మాట దగ్గర నవ్వును కలిపేవారో ఆ పిల్లవాడికి ఎవరు చెప్పాలి? కుటుంబం ఒప్పుకోకుండా ఒక గాయకుడి గొంతును ఇట్లా వాడకూడదు. ఒప్పుకున్నా, పాటలోనే ఆ మాట చెప్పాలి. ఇందుకు చట్టం రావాలని మేము కోరుతున్నాము.

మరి ఈ యంత్రం మనకు అక్కర్లేదా? ఎంతో అవసరం. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎండాకాలం వస్తే భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం, పద్దెనిమిది రోజులు. ముప్పై, నలభై ఏళ్ల కిందట అక్కడ కథ చెప్పిన భాగవతార్ల గొంతులను మైకుసెట్టు పక్కన టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్నవాళ్లున్నారు. ఆ క్యాసెట్లలో జనరేటరు రొద, పిల్లల ఏడుపు, సోడాసీసాల చప్పుడు, వాటి అడుగున ఎక్కడో కథ. జాన్ టేపుకు చేసినట్టే వీటికీ చేయవచ్చు. వెంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, విశ్వవిద్యాలయం, ఆకాశవాణి కేంద్రం మూడూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఊరూరా తిరిగి ఆ క్యాసెట్లను సేకరించే పని ఈ ఎండాకాలపు భారతాలకు ముందే మొదలుపెట్టాలి. అటకల మీద ఉన్న టేపులకు ఇప్పటికే బూజు పడుతోంది.